చెయ్యా, పుల్లలా, చెంచానా? ఆసియాలో ఎవరింటి భోజనానికి ఎలా కూర్చోవాలి

మొదటిసారి థాయ్‌లాండ్ వెళ్లినప్పుడు ఒకరింట్లో భోజనానికి కూర్చున్నాను. పళ్లెంలో అన్నం పెట్టగానే చాప్‌స్టిక్స్ ఉన్నాయా అని అడిగాను. తూర్పు దేశాల వాళ్లందరూ పుల్లలతోనే తింటారని నా నమ్మకం. ఆ ఇంటావిడ ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, నూడుల్స్ కోసం దాచిన జత ఒకటి వెతికి తెచ్చిచ్చింది. చూస్తే మిగతావాళ్లంతా కుడిచేత్తో చెంచా, ఎడమచేత్తో ఫోర్కు పట్టుకుని తింటున్నారు. పళ్లెంలో పొడిపొడిగా ఉన్న ఆ అన్నం పుల్లలకు అందలేదు. ప్రేమగా పిలిచిన మనిషిని అనవసరంగా తిప్పలు పెట్టానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అప్పటినుంచి ఎవరింటికి వెళ్లినా తినేముందు రెండు సంగతులు చూస్తున్నాను. ఒకటి, ఆ అన్నం ఎలాంటిది. రెండు, వాళ్లు ఎంగిలిని ఎక్కడ ఆపుతున్నారు. ఈ రెండూ తెలిస్తే చెయ్యి వాడాలో చెంచా వాడాలో చాలావరకు మీకే తెలిసిపోతుంది. చదువుకోవడానికో ఉద్యోగానికో పర్యటనకో బయల్దేరుతున్నవాళ్ల కోసం, చేత్తో తినడం రాని పిల్లల్ని పెంచుతున్న ప్రవాస తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను.

ముందు అన్నం చూడండి

మనం రోజూ తినే బియ్యం వండితే మెతుకు మెతుక్కి అంటదు. అమైలోజ్ అనే పిండిపదార్థం ఎక్కువగా ఉన్న బియ్యం అలాగే ఉడుకుతుంది. పప్పో పులుసో పోసి కలిపి ముద్ద చేస్తే తప్ప అది ఒకచోట నిలవదు. కలపడానికి వేళ్లను మించిన పనిముట్టు లేదు. జపాన్, కొరియాల్లో తినే పొట్టిగింజ బియ్యంలో అమైలోజ్ తక్కువ. ఉడికాక మెతుకులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి పుల్లలతో పట్టుకుంటే చిన్న గడ్డలా పైకి వస్తుంది. లావోస్‌లోనూ, థాయ్‌లాండ్ ఈశాన్యాన ఉన్న ఈసాన్‌లోనూ తినే జిగురు బియ్యంలో అమైలోజ్ దాదాపు ఉండదు. దాన్ని ఆవిరి మీద వండి చిన్న వెదురు బుట్టలో పెట్టిస్తారు. వేళ్లతో కాస్త తుంచి, ఉండ చేసి, పచ్చడిలోనో కూరలోనో అద్దుకుని తినాలి. అలవాటు కొద్దీ ఆ అన్నం మీద కూర పోసి కలపబోయారంటే చెయ్యంతా జిగురు పట్టుకుంటుంది. తుంచుకున్నాక బుట్టకు మూత పెట్టండి, లేకపోతే అన్నం గట్టిపడిపోతుంది.

పళ్లెంలో పొడి అన్నం కనిపిస్తే చెయ్యో చెంచానో వాడాలి. గిన్నెలో ముద్దగా ఉంటే మామూలుగా పుల్లలు. బుట్టలో వస్తే వేళ్లు. దీనికి రెండు మినహాయింపులు గుర్తుంచుకోండి. కొరియాలో గిన్నెలోని అన్నాన్ని చెంచాతో తింటారు. దక్షిణ చైనాలో, వియత్నాంలో పొడి బియ్యం కూడా పుల్లలతోనే తింటారు. గిన్నెను నోటి దగ్గరికి ఎత్తుకుంటారు కాబట్టి అది కుదురుతుంది.

ఎంగిలి గీత ఎక్కడుందో కనిపెట్టండి

ఎంగిలి అనే మాట మనకు చిన్నప్పుడే ఒంటబడుతుంది. తమిళంలో ఎచ్చిల్, కన్నడంలో ఎంజలు, హిందీలో జూఠా, నేపాలీలో జూఠో అంటారు. నోటికి తగిలినది, నోటికి తగిలిన చెయ్యి తగిలినది ఇంకొకరి కంచానికి చేరకూడదు. పంక్తిలో కూర్చున్నప్పుడు గరిటె మనం ముట్టుకోం, వేరేవాళ్లు వడ్డిస్తారు. ఆ ఏర్పాటు అంతా ఇందుకే. పిసినారిని ఎంగిలిచేత్తో కాకిని తోలడని తిడతాం గానీ, ఎంగిలిచెయ్యి దేనికీ తగలకూడదన్న పట్టింపు లేనిదే ఆ మాట పుట్టేది కాదు.

ఇలాంటి జాగ్రత్తే తూర్పు దేశాల్లో వేరే రూపాల్లో కనిపించినప్పుడు నాకు చుట్టాలింటికి వచ్చినట్టు అనిపించింది. థాయ్‌లాండ్‌లో నడుమ పెట్టిన కూరలకు అందరూ వాడే చెంచా ఒకటి వేరుగా ఉంటుంది, దాన్ని చోన్ క్లాంగ్ అంటారు. ఆ చెంచాతో మీ పళ్లెంలోకి ఒకటి రెండు ముద్దలకు సరిపడా మాత్రమే వేసుకోండి, మళ్లీ మళ్లీ వేసుకోవచ్చు. జపాన్ ఇళ్లలో ఎవరి పుల్లల జత వాళ్లది, ఎవరి అన్నం గిన్నె వాళ్లది. మన ఇళ్లలో 'నాన్న కంచం' అన్నట్టే. అందరికీ పెట్టిన పళ్లెంలోంచి తీసుకోవడానికి తోరిబాషి అనే వేరే పుల్లలు పెడతారు. చైనాలో నిన్నమొన్నటిదాకా ఎవరి పుల్లలతో వాళ్లు నడిమి పళ్లెంలోంచి తీసుకోవడమే ఆప్యాయత. 2003లో సార్స్ అనే అంటువ్యాధి వచ్చినప్పుడూ, 2020లో కరోనా వచ్చినప్పుడూ గోంగ్‌క్వాయ్, అంటే ఉమ్మడి పుల్లలు, వాడమని అక్కడ గట్టిగా ప్రచారం చేశారు. ఇప్పుడు చాలా హోటళ్లలో ఒక్కొక్కరికి రెండు రంగుల జతలు పెడుతున్నారు. అందులో ఒకటి తీసుకోవడానికి, ఒకటి తినడానికి. ఏది దేనికో అడిగి తెలుసుకోండి. అడిగినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోరు.

కాబట్టి కూర్చోగానే వడ్డించే గరిటె ఎక్కడుందో వెతకండి. కనిపిస్తే దాన్ని వాడండి, వాడాక మీ పళ్లెంలో వదలకండి. లేకపోతే ఇంటివాళ్లు ముందు ఏం చేస్తారో చూసి అలా చేయండి. ఎలా చేసినా మీకు దగ్గరగా ఉన్న అంచునుంచే తీసుకోండి, మంచి ముక్క కోసం కెలకకండి. ఇరవై వంటకాలున్నా రెండే ఉన్నా ఇది తప్పకూడదు.

చేత్తో తినడం

ఇది మనకు వచ్చుకదా, నేర్చుకునేదేముందని దాటేయకండి. ఏళ్లతరబడి చెంచాకు అలవాటుపడ్డ పెద్దవాళ్లు కూడా పెళ్లిళ్లలో విస్తరి ముందు తడబడటం చూస్తున్నాను. మునివేళ్లతో ముద్ద ఎత్తడం నేర్చుకుంటేనే వచ్చే విద్య.

ముందు ఉంగరాలు తీసేయండి. గోళ్లు కత్తిరించుకుని ఉండాలి. సబ్బుతో కనీసం 20 సెకన్లు, వేళ్ల సందులు కూడా, రుద్ది కడగండి. తర్వాత ఏ తువ్వాలు దొరికితే దానితో తుడవకండి. చెయ్యి కాస్త తడిగా ఉంటేనే మంచిది, మెతుకులు అంటుకోవు. కూర్చున్నాక ఎడమచెయ్యి కంచానికి దూరంగా ఉండాలి. మంచినీళ్ల గ్లాసు దానిది. గ్లాసు పెదవులకు తగలకుండా ఎత్తి తాగే అలవాటు మీ ఇంట్లో ఉంటే పిల్లలకూ నేర్పండి, దేశంలో చాలాచోట్ల అది గౌరవంగా కనిపిస్తుంది.

అన్నం మొత్తం ఒకేసారి కలపకండి. కుప్పలోంచి నాలుగు ముద్దలకు సరిపడా ముందుకు లాక్కుని, దానిమీదే పప్పు వేసుకుని, మునివేళ్లతో మెతుకు నలిగీ నలగనట్టు కలపండి. అన్నం ఎంత వేడిగా ఉందో ముందు వేళ్లకే తెలుస్తుంది కాబట్టి నాలుక కాలదు. ఇప్పుడు నాలుగు వేళ్లు దగ్గరికి చేర్చి, కాస్త వంచి, చిన్న గరిటెలా పట్టి ముద్దను ఎత్తండి. అరచెయ్యి మీవైపు ఉండాలి. తల కొంచెం ముందుకు వంచి, చెయ్యి నోటి దగ్గరికి వచ్చాక బొటనవేలి గోటివైపుతో ముద్దను లోపలికి నెట్టండి. వేళ్లు నోట్లోకి పోకూడదు. కొత్తవాళ్లకు బొటనవేలి పని ఎవరూ చెప్పరు. అందుకే వాళ్లు వేళ్లన్నీ నోట్లో పెట్టుకుంటారు, మెతుకులు గడ్డం మీద పడతాయి. ఆ ఒక్క కదలిక పట్టుబడితే మిగతాదంతా దానంతటదే వస్తుంది.

పప్పన్నంతో మొదలుపెట్టండి. చారన్నం ఆఖర్న నేర్పండి, అది అన్నిటికన్నా కష్టం. చారు ఎక్కువ పోసుకోకుండా అన్నం పీల్చుకునేంత పోసి, వేళ్లను మామూలుకన్నా లోతుగా వంచి దొప్పలా పట్టుకోవాలి. పెరుగన్నం కాస్త గట్టిగా కలుపుకుంటే పిల్లలకూ తేలిక. ఆవకాయ కలిపిన చెయ్యి కళ్లకు తగలకుండా చూడాలి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు చెయ్యి సబ్బుతో రెండుసార్లు కడిగాకే వాటిని తియ్యాలి. పరాయి దేశంలో పుట్టిన పిల్లలకు మూడో ఏటినుంచే ముద్దపప్పు అన్నం చిన్న గిన్నెలో పెట్టి చెయ్యి వాళ్లదే పెట్టనివ్వండి. ఒళ్లంతా పూసుకుంటారు, పూసుకోనివ్వండి. గోరుముద్దలు తినిపించే తల్లి చేతిని ఏడాదిపాటు చూసినవాళ్లకు ఆ వేళ్ల వంపు ముందే తెలిసి ఉంటుంది.

చెయ్యి ఎంతవరకు అంటాలన్నది ఊరిని బట్టి మారుతుంది. ఉత్తరాదివాళ్లు, శ్రీలంకవాళ్లు మునివేళ్లు దాటనివ్వరు. మన దగ్గర చారు అరచేతిదాకా వస్తుంది. నా మాట ఏమిటంటే ఇంకొకరింట్లో రెండో కణుపు దాటనివ్వకండి, మీ ఇంట్లో మీ ఇష్టం. రొట్టె విషయంలో మాత్రం జాగ్రత్త. మనవాళ్లు రెండు చేతులతో చింపుతారు. ఉత్తరాది పెద్దలకు అది కళ్లలో పడుతుంది. రొట్టెను కంచం మీద మధ్యవేలితో అదిమిపట్టి, బొటనవేలు చూపుడువేలితో లాగితే ఒక్క కుడిచేతికే తెగుతుంది. రెండు పూటల సాధన చాలు.

చేపల దగ్గర చెంచా ఓడిపోతుంది. గోదావరి పులసనే బెంగాల్‌లో ఇలిష్ అంటారు. వెంట్రుకల్లాంటి ముళ్లు ఉండే చేప అది. రెండుచోట్లా దాన్ని వేళ్లతోనే తింటారు, ఎందుకంటే ముల్లు నోటికన్నా ముందు వేలికి తగలాలి. ముక్కను కొంచెం విడదీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసి, ముళ్లు కంచం అంచున ఒకచోట పెట్టుకుంటూ తినండి. మాట్లాడుతూ తినే చేప కాదది.

భోజనమయ్యాక అరిటాకును పైసగం మీవైపు వచ్చేలా మడవండి. తమిళనాడులోనూ, మలేషియాలోని అరిటాకు హోటళ్లలోనూ తృప్తిగా తిన్నామని దాని అర్థం. అవతలివైపు మడవడం చావింటి భోజనానికి. మడిచాక ఎంగిలిచెయ్యి ఎండిపోయేదాకా కూర్చోకుండా లేచి కడుక్కోండి.

ఇండోనేషియాలో చేత్తో తినే హోటళ్లలో నిమ్మముక్క వేసిన నీళ్ల గిన్నె బల్ల మీద పెడతారు, కొబోకాన్ అంటారు. వేళ్లు ముంచి కడుక్కోవడానికే, తాగడానికి కాదు. సుమత్రా దీవిలోని పాడాంగ్ ఊరి వంటలమ్మే చోట మీరు అడక్కుండానే పది పన్నెండు చిన్న పళ్లేలు తెచ్చి బల్ల నింపేస్తారు. కంగారు పడకండి, ముట్టుకున్నవాటికే డబ్బు తీసుకుంటారు. కూర కొంచెం రుచి చూసినా లెక్కే కాబట్టి, వద్దనుకున్న పళ్లెంలో వేలు పెట్టకండి. బర్మా ఇళ్లలో పొట్టి గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుని చేత్తో తింటారు. మొదటి ముద్ద పెద్దవాళ్లకు వడ్డించాకే మిగతావాళ్లు మొదలుపెట్టాలి.

ఒకే పళ్లెం చుట్టూ కూర్చుంటే

గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లకు ఇది కొత్త కాదు. మందీ, కబ్సా అనే మాంసం అన్నాల్ని పెద్ద పళ్లెంలో నడుమ పెడతారు, చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. మందీ యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చింది. నిజాం కొలువులో సిపాయిలుగా చేరిన హద్రమీల వారసులున్న హైదరాబాదు బార్కస్‌లో కూడా అలాగే తినడం చూడొచ్చు. అందరి చేతులూ ఒకే పళ్లెంలో ఉంటే ఎంగిలి సంగతేమిటి అని మనకు అనిపిస్తుంది. అక్కడ గీత పళ్లెం లోపలే ఉంటుంది. కుడిచేత్తో తిను, నీ ముందున్నదే తిను అన్నది ముహమ్మద్ ప్రవక్త బోధ. మీ ఎదుట ఉన్న వాటా మీది. పక్కవాళ్ల వైపు, నడుమ కుప్ప వైపు చెయ్యి పోకూడదు. మంచి మాంసం ముక్క ఇంటాయనే తుంచి మీ ముందు పెడతాడు, కుడిచేత్తో తీసుకోండి. నోట్లోకి వెళ్లిన మెతుకులు పళ్లెంలో రాలకుండా చిన్న ముద్దలు తినండి, చెయ్యి పళ్లెం మీద విదల్చకండి.

కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్‌లలో ఉడికించిన మాంసం, పలచటి పిండిరేకులతో చేసే వంటకం పేరే బెష్‌బార్మక్. బెష్ అంటే అయిదు, బార్మక్ అంటే వేలు. ఉజ్బెకిస్తాన్‌లో రొట్టెను కత్తితో కోయరు, చేత్తో తుంచుతారు, బోర్లా పెట్టడం తప్పు. ఫిలిప్పీన్స్‌లో కమాయ్ అంటే చెయ్యి, చేత్తో తినడం కమాయన్. అరిటాకులు పరిచి దానిమీద అన్నం, చేపలు, మాంసం కుప్పగా పోసి అందరూ చుట్టూ నిలబడి తినే బూడుల్ ఫైట్ అక్కడి సైనికుల దగ్గర మొదలైంది. పేరులో పోట్లాట ఉన్నా మీకు ఎదురుగా ఉన్నదానితోనే మొదలుపెట్టండి.

చాప్‌స్టిక్స్ పట్టుకోవడం

చైనాలోని హెనాన్‌లో, షాంగ్ రాజుల రాజధాని యిన్ శిథిలాల్లో దొరికిన కంచు పుల్లలు సుమారు క్రీ.పూ. 1200 నాటివి. వాటిని మొదట వంటకు, వేడి గిన్నెలోంచి ముక్క తియ్యడానికి వాడేవాళ్లు. తినడానికి వాడటం తర్వాత వచ్చింది. చైనాలో వాటి పాత పేరు ఝూ. అది 'ఆగిపో' అనే మాటలా వినిపిస్తుందని పడవవాళ్లు దాన్ని మార్చి, వేగం అన్న అర్థం వచ్చేలా క్వాయ్ అన్నారని అక్కడ చెప్పుకుంటారు. బియ్యం అయిపోయాయనకుండా నిండుకున్నాయి అనే మనకు ఆ మనసు తెలుసు.

పుల్లలతో తినే వంటలో కత్తి పనంతా వంటింట్లోనే అయిపోతుంది. ముక్కలు నోటికి సరిపడా కోసి వస్తాయి. అందుకే బల్ల మీద కత్తి ఉండదు, అడగనూ కూడదు. పట్టుకునే పద్ధతి ఇది:

1. మొదటి పుల్లను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న లోతులో పెట్టి, ముందు భాగాన్ని ఉంగరపువేలి పక్కన ఆనించండి. బొటనవేలి మొదలుతో అదిమితే అది కదలదు. ఆ పుల్ల భోజనమయ్యేదాకా కదలకూడదు.
2. రెండో పుల్లను దానిపైన, పెన్ను పట్టుకున్నట్టు, బొటనవేలి కొసతో, చూపుడువేలితో, మధ్యవేలితో పట్టుకోండి.
3. రెండు కొసలూ సమంగా ఉండాలి. ఎగుడుదిగుడుగా ఉంటే ఎంత బలం పెట్టినా ముక్క జారిపోతుంది.
4. పై పుల్లను మాత్రమే పైకీ కిందకీ కదపండి. మణికట్టు బిగపట్టకండి.
5. పుల్లల్ని కొసలకు దగ్గరగా కాకుండా మూడింట రెండు వంతుల పైన పట్టుకోండి.

ఇంట్లో సాధన చెయ్యాలంటే మొదట చిన్న స్పాంజి ముక్కలతో మొదలుపెట్టండి, తర్వాత ఉడికించిన సెనగలు, ఆ తర్వాత వేరుసెనగ గింజలు. రోజుకు పది నిమిషాలు చొప్పున వారం చేస్తే చాలు. కొరియా పుల్లలు లోహంతో, చదునుగా, జారుడుగా ఉంటాయి కాబట్టి వాటితో మొదలుపెట్టకండి. జపాన్ పుల్లలు పొట్టిగా కొస సన్నగా ఉంటాయి, చేప ముల్లు తియ్యడానికి బాగుంటాయి. చైనావి పొడవు, నడుమ పళ్లెం అందాలి కదా. నేర్చుకునేవాళ్లకు చెక్కవే మంచివి.

గిన్నె ఎత్తాలా, వద్దా?

పుల్లల దేశాలన్నీ ఒక్కటే అనుకుంటే పొరపడేది ఇక్కడే. జపాన్, చైనా, వియత్నాంలలో అన్నం గిన్నెను ఎడమచేత్తో ఎత్తి పట్టుకోవాలి. గిన్నెను బల్ల మీద ఉంచి మూతి దాని మీదికి వంచడం అక్కడ బాగోదు. కొరియాలో దీనికి పూర్తిగా తిరగేసి. గిన్నె బల్ల మీదే ఉండాలి. అన్నం, పులుసు పొడవాటి చెంచాతో తినాలి. పుల్లలు పక్క వంటకాలకే. చెంచా, పుల్లలు రెండూ ఒకే చేతిలో ఒకేసారి పట్టుకోరు, ఒకటి దించి ఇంకొకటి ఎత్తుతారు. ఇంటి పెద్ద చెంచా ఎత్తేదాకా చిన్నవాళ్లు మొదలుపెట్టరు. పెద్దవాళ్లు పానీయం పోసిస్తే రెండు చేతులతో అందుకోండి.

అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చడం ఎక్కడా చేయకండి. జపాన్‌లో చనిపోయినవాళ్ల తల దగ్గర పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. చైనావాళ్లకు అది పితృదేవతల ముందు వెలిగించే అగరువత్తుల్లా కనిపిస్తుంది. కొరియాలో పెద్దల తద్దినంలో అన్నంలో చెంచా గుచ్చి నిలబెడతారు కాబట్టి అక్కడ చెంచా కూడా గుచ్చకూడదు. పిండం పెట్టే పద్ధతిలో ఎవరైనా మనకు అన్నం వడ్డిస్తే మన గుండె ఎలా ఉంటుందో ఊహించుకుంటే ఈ నియమం ఇక మరిచిపోలేరు. జపాన్‌లో ఇంకొకటి కూడా అంతే గట్టి పట్టింపు. ఒకరి పుల్లల్లోంచి ఇంకొకరి పుల్లల్లోకి ముక్క అందించకూడదు. దహనం తర్వాత అస్థికల్ని బంధువులు పుల్లలతో అలాగే అందుకుంటారు. మీ పిల్లకో స్నేహితుడికో ముక్క ఇవ్వాలంటే వాళ్ల పళ్లెంలో పెట్టండి.

మిగతావి తేలిక. పుల్లలతో ముక్కను గుచ్చకండి, గిన్నెను లాక్కోకండి, ఏది తీసుకోవాలో తేలక పళ్లేల మీద తిప్పకండి, కొసలు నాకకండి, మనుషుల వైపు చూపించకండి. చైనాలో పుల్లలతో గిన్నె మీద కొడితే ముష్టి అడిగినట్టు. జపాన్‌లో ఒకసారి వాడి పారేసే పుల్లల్ని విడదీశాక ఒకదానితో ఒకటి రుద్దకండి, నాసిరకం పెట్టారని హోటలువాళ్లను అన్నట్టవుతుంది. తినడం ఆపినప్పుడు జపాన్‌లో పుల్లల్ని మీ ముందు అడ్డంగా, చిన్న ఆనింపు మీద పెట్టాలి. చైనా, కొరియాల్లో నిలువుగా పెడతారు.

జపాన్‌లో అన్నీ పుల్లలతోనే తినాలనీ లేదు. సుషీని చేత్తో తినొచ్చు, తడి తువ్వాలు అందుకే ఇస్తారు. ముక్కను వంచి చేపవైపు మాత్రమే సోయా సాస్‌లో అద్దండి, అన్నం వైపు అద్దితే విడిపోతుంది. నూడుల్స్ చప్పుడు చేస్తూ పీల్చడం అక్కడ తప్పు కాదు. వియత్నాంలో ఫో అనే నూడుల్స్ పులుసు తినేటప్పుడు కుడిచేతిలో పుల్లలు, ఎడమచేతిలో చెంచా ఉంటాయి. ఇళ్లలో, ముఖ్యంగా ఉత్తరాన, పిల్లలు తినేముందు పెద్దవాళ్లను ఒక్కొక్కరినీ భోంచేయమని పేరుపేరునా పిలుస్తారు. మీరూ ఇంటిపెద్దను చూసి ఒక మాట అని మొదలుపెట్టండి. ఇంటావిడ మీ గిన్నెలో ముక్కలు వేస్తూనే ఉంటే అది కొసరి వడ్డించడమే.

చెంచా కుడిచేతిలో, ఫోర్కు ఎడమచేతిలో

థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల్లో చెంచాకే పెద్దరికం. ఫోర్కు పని అన్నాన్ని చెంచాలోకి నెట్టడమే. థాయ్‌వాళ్లు ఫోర్కును నోట్లో పెట్టరు. యూరప్ పనిముట్లు థాయ్ రాజాస్థానానికి 19వ శతాబ్దంలో వచ్చాయి. ముక్కలు వంటింట్లోనే కోసి వస్తాయి కాబట్టి కత్తి అవసరం రాలేదు, చెంచా, ఫోర్కు నిలిచాయి. ఫిలిప్పీన్స్‌లో కుత్సారా, తినిడోర్ అనే మాటలు స్పెయిన్‌వాళ్లు వదిలివెళ్లినవే. ఇరాన్‌లో కూడా అన్నం, కబాబ్ ఈ జతతోనే తింటారు. ముక్క గట్టిగా ఉంటే చెంచా అంచుతో అదిమి తెంపండి, ఫోర్కుతో పట్టుకోండి. నాకు దీనికన్నా సుఖమైన పద్ధతి మరొకటి కనిపించలేదు. చేత్తో తినడం కుదరని ఆఫీసు మధ్యాహ్నాలకు మనవాళ్లు ఒక్క చెంచాతో కుస్తీ పట్టే బదులు ఈ జత అలవాటు చేసుకోవచ్చు.

ఎడమచేతివాటం ఉన్నవాళ్లు

వీళ్ల ఇబ్బంది ఎవరూ మాట్లాడరు. పుల్లల దేశాల్లో ఇప్పుడు పెద్దగా పట్టించుకోరు, బల్ల మూలలో ఎడమవైపు కూర్చుంటే పక్కవాళ్ల మోచేతికి తగలదు. మన దేశంలో, గల్ఫ్‌లో, ఇండోనేషియాలో ఎడమచెయ్యి మరుగుదొడ్డి చెయ్యి కాబట్టి పట్టింపు గట్టిగా ఉంటుంది. సొంత కంచంలో ఎడమచేత్తో చెంచా పట్టుకుంటే చాలామంది ఊరుకుంటారు. ఒకే పళ్లెం చుట్టూ కూర్చున్నప్పుడు మాత్రం ముందే చెప్పి వేరే పళ్లెం అడగండి, సంతోషంగా ఇస్తారు. మీ పిల్లవాడిది ఎడమచేతివాటమైతే కొట్టి కుడిచేత్తో తినిపించకండి. ఇంట్లో వాడి చేత్తో వాడిని తిననివ్వండి. బయట చెంచా ఎలా అడగాలో నేర్పండి.

వాళ్లు మీ ఇంటికి వస్తే

చేత్తో తినడం తెలియని అతిథికి చెంచా చేతికివ్వకండి, కంచం పక్కన పెట్టి వదిలేయండి. చేత్తో ప్రయత్నిస్తానంటే బొటనవేలి సంగతి ఒకసారి చూపించి, తర్వాత చూపు తిప్పుకోండి. తినేటప్పుడు పదిమంది చూస్తుంటే ఎవరికీ ముద్ద దిగదు. పప్పన్నం మొదటిసారి మీరే కలిపి ఇవ్వండి, అయితే తినకముందు, కడిగిన చేత్తో. చారు చిన్న గిన్నెలో పోసి చెంచా వేసివ్వండి. చేపల పులుసు ఆ రోజుకు వద్దు. కొరియా, జపాన్ నుంచి వచ్చినవాళ్లకు ఎడమచెయ్యి సంగతి చెప్పకపోతే రెండు చేతులతో గిన్నె అందుకుంటారు. అది వాళ్ల గౌరవం కాబట్టి తప్పుపట్టకండి. చెయ్యి కడుక్కునే చోటు కూర్చోకముందే చూపించండి. తిన్నాక ఎంగిలిచేత్తో తలుపు గడియ తియ్యలేక నిలబడిపోకుండా ఆ తలుపు తెరిచే ఉంచండి.